ఎర్ర సంచిలో సూది

మొన్న నైట్ డ్యూటీలో ఒక పిల్లగాడికి టీటీ సూది వేయాల్సి వచ్చింది. కాలిలో మేకు దిగింది. నేను అలవాటుగా డబ్బాలోంచి గ్లవ్స్ లాగి తొడుక్కుంటుంటే, కొత్తగా వచ్చిన సిస్టర్ పక్కకు వచ్చి మెల్లగా అంది: "అక్కా, గీ సూదికి గ్లవ్స్ అక్కర్లేదట గదా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"డబ్ల్యూహెచ్‌ఓ అక్కా. కండకు వేసే సూదికి, చర్మం మీద పుండు లేకుంటే, చేతులు మంచిగ కడుక్కుంటే సాలట."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లకు దగ్గర పడుతున్న సర్వీసు నాది. పిల్లగాడి ముందర ఏమీ అనలేదు గానీ, తెల్లారేదాకా ఆ పిల్లతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఇంటికొచ్చి, అన్నం తినకుండానే ఫోన్లో వెతికి చూశాను. నిజమే. ఇంజెక్షన్ల గురించి 2010లో వాళ్లు అచ్చేసిన పుస్తకంలోనే ఉంది. ఇన్నేళ్లలో నేను ఎన్ని వేల సూదులు వేసి ఉంటానో, ఎన్ని వేల జతలు తీసి పారేసి ఉంటానో, ఆ పొద్దు నిద్ర పట్టలేదు.

గ్లవ్స్ అంటే నాకున్న పట్టింపు ఊరికే వచ్చింది కాదు. అది చెప్పాలంటే 1991కి పోవాలి.

ఆ ఏడాది హైదరాబాద్‌లో జీఎన్ఎం అనే నర్సు ట్రైనింగులో చేరాను. అప్పుడు గ్లవ్స్ పారేసే వస్తువు కాదు. ఆపరేషన్ అయినాక ముందు చన్నీళ్లలో కడగాలి. వేడినీళ్లు పోస్తే రక్తం అక్కడే పట్టుకుంటది, అది మాకు నేర్పిన మొదటి పాఠం. తర్వాత సబ్బుతో. తర్వాత ఒక్కొక్కదాన్ని గాలి నింపి ఉబ్బించి నీళ్లలో ముంచి చూడాలి, బుడగ వచ్చిందంటే చిల్లు. మంచివాటిని తీగ మీద ఆరేసి, లోపలా బయటా పౌడరు కొట్టి, మణికట్టు దగ్గర మడతేసి, కుడిదీ ఎడమదీ జత చేసి గుడ్డ సంచిలో పెట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు పంపాలి. నేనొకసారి రెండూ ఎడమచేతివే పంపాను. సర్జన్ వాటిని ట్రే మీద విసిరికొట్టిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సిరంజిలు గాజువి. పిస్టన్ మీద ఒక నంబరు, గొట్టం మీద అదే నంబరు ఉండాలి, లేకపోతే మందు వెనక్కి కారుతది. సూదుల కొసను దూది మీద లాగి చూసేవాళ్లం. పోగు అంటుకుంటే మొన వంగినట్టు. సానరాయి మీద నూరాలి. ఇరవై నిమిషాలు ఉడకబెట్టాలి. రాత్రి డ్యూటీ అంటే పేషెంట్లు పడుకున్నాక కట్లకు వాడే గాజుగుడ్డ కత్తిరించి, మడతలు పెట్టి, దూది ఉండలు చుట్టి డ్రమ్ములు నింపడం. చేతులు ఆడుతుంటే ముచ్చట్లు నడిచేవి, నా దోస్తులంతా ఆ డ్రమ్ముల చుట్టే అయ్యారు.

ఇది చెప్తే కొందరు "అబ్బ, ఆ రోజులే నయం, ప్లాస్టిక్ లేకుండె" అంటారు. నా ముందు మాత్రం అనకండి. సూది గడ్డలు కోసిన కత్తికి నేను ట్రే పట్టాను. కరెంటు పోతే పదినిమిషాలకే దించేసిన స్టెరిలైజర్లను చూశాను. మా ఊర్లలో సైకిల్ మీద తిరిగే ఆర్‌ఎంపీ సూది మార్చి సిరంజి మార్చక పదిమందికి వేసేవాడు. ఊర్లో కామెర్లు వచ్చినవాళ్లందరికీ పసరు పోసేవాళ్లే గానీ, ఆ కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయో అడిగినవాళ్లు లేరు. 1986లో మద్రాసులో హెచ్ఐవీ మొదట బయటపడ్డాక మా టీచర్లకే సూదిని చూస్తే చెయ్యి వణికేది.

అందుకని డిస్పోజబుల్ సిరంజి వచ్చినప్పుడు నాకు పండగైంది. చర్రున కాగితం చింపితే లోపల ఎవరూ ముట్టనిది. వేశామా, పడేశామా. నాకప్పుడు శుభ్రమంటే అదే, కొత్తది తీయడం, వాడింది పారేయడం. గ్లవ్స్ కూడా పారేసేవి వచ్చాక, అందరికంటే ఎక్కువ నేనే తొడిగాను. జూనియర్లు తొడగకపోతే అరిచేదాన్ని. పారేసినవి ఏడికి పోతున్నాయనేది నర్సు పని కాదు. వార్డు తలుపు దాటితే, ఊడ్చి చెత్త మోసే ఆయమ్మ చూసుకుంటది.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు నీళ్ల నేల. నోట్లో పండ్ల మీద గోధుమరంగు చారలతో పెరిగాను. మా బడిలో అందరికీ అవే ఉండటంతో పండ్లంటే అట్లనే ఉంటాయనుకున్నాను. హాస్టల్లో మొదటివారం ఒక సీనియర్ "ఇప్పటి సంది పాన్ తింటవా?" అని అడిగిన తర్వాతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలైంది. (కరోనాలో మాస్కు వచ్చింది చూడండి, అప్పుడు హాయిగా నవ్వుకున్నాను. ఆ రెండేళ్లలో నాకు దొరికిన ఒకే ఒక్క సుఖం.) మా నాయినమ్మ నడుం వంగి వంగి, చివరి ఏళ్లలో ఆమె చూపు నేల మీదే ఉండేది. వెల్లకిలా పడుకోవడానికి కూడా వీపు ఒప్పుకోదు. ఆకాశం చూడాలంటే ఎవరైనా పట్టుకొని గోడకు ఆనించాలి.

సెకండియర్ కమ్యూనిటీ హెల్త్ క్లాసులో నీళ్ల పాఠం వచ్చింది. ఫ్లోరైడు తీసే పద్ధతి పేరు "నల్లగొండ టెక్నిక్" అని టీచరు చదవగానే క్లాసంతా నా వైపు తిరిగింది. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు లెక్కగా వేసి కలిపి, తేరాక పై నీళ్లు వంపుకోవడం. నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన పద్ధతి. "మీ ఊరు పుస్తకంల ఎక్కింది పో" అని ఏడిపించారు. సెలవులకు పోయినప్పుడు ఊరంతా అడిగాను. ఆ బకెట్లు ఒక్కరింట్లో కూడా నాకు కనబడలేదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండొద్దని అదే పాఠంలో రాసుంది. మా బోరింగులో ఎంతుందో రాసిన కాయితం మాత్రం ఊర్లో ఎవరి దగ్గరా లేదు.

1996లో నేను ఉద్యోగంలో చేరాను. అదే ఏడు, మంచినీళ్ల కోసం నిరసనగా, నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డారు. ఆ ఎలక్షన్ వాయిదా పడింది, మా నీళ్ల ముచ్చట దేశానికి తెలిసింది. తర్వాత, ఫ్లోరైడుతో ఒళ్లంతా వంకర్లు పోయిన శివన్నగూడెం అంశల స్వామి ఫొటోలు పేపర్లలో వచ్చేవి. ఆయన 2023 జనవరిలో పోయాడు. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌కు 2015లో కొబ్బరికాయ కొట్టారు, ఆ వెనక మా నల్లాలోకి కృష్ణ నీళ్లు వచ్చాయి. మా అమ్మ ఆ నీళ్లు తాగి ఒక మాటంది: "నీళ్లైతె తియ్యగనే ఉన్నయ్ బిడ్డా. మోకాళ్లు మాత్రం గప్పటియే."

మా జిల్లావాళ్లకు ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేదు. భూమిలో ఏముంటే అది నీళ్లలోకి దిగుతది, నీళ్లలోంచి ఎముకలోకి ఎక్కుతది. రాతిలో ఫ్లోరైడు దేవుడు పెట్టింది. దవాఖాన వెనక గుంతలో ఉన్నది మేము పెట్టింది. ఈ రెండో ముక్క నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక దవాఖాన వెనక అట్లాంటి గుంతొకటి ఉండేది. కాన్పుల్లో పడిన మాయ, కట్లు, సెలైన్ సీసాలు, రక్తం సంచులు, అరటి తొక్కలు, అన్నీ కలిపి దాంట్లో పోసి, నిండినప్పుడల్లా వాచ్‌మన్ కిరోసిన్ చల్లి అంటించేవాడు. ప్లాస్టిక్ గొట్టాలు నల్లగా, తియ్యగా, గొంతు పట్టేసే పొగ లేపేవి. వెనక గల్లీలో ఒకామె గోడ మీదినుంచి "సిస్టర్, మీ పొగకు బట్టలు ఆరేసుకోలేకున్నం, పోరగాళ్లు దగ్గుతున్నరు" అంటే, "రూలు ప్రకారమే కాలుస్తున్నరమ్మా" అన్నాను. అట్లాంటి రూలు ఏదీ లేదు. ఉన్న రూలు, అంటే 1998లో వచ్చిన బయోమెడికల్ వేస్ట్ రూల్స్, దానికి ఉల్టా చెప్తుండె. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ను తక్కువ వేడి మీద కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయని, వాటికి క్యాన్సర్‌తో సంబంధం ఉందని నాకు తెలిసేసరికి ఆమె ఇల్లు ఖాళీ చేసి పోయింది. ఎక్కడుందో తెలియదు.

పాదరసం సంగతి ఇంకా సిగ్గు. నా చేతిలో పగిలిన థర్మామీటర్లు, గుర్తున్నంతవరకు పదకొండు. ఒక్కోదాంట్లో గ్రాము దాకా ఉంటది. పాత బీపీ మిషన్లో అయితే వందకు అటూఇటూ. కింద పడితే ఆయమ్మ చీపురుతో సింకులోకి. ఒకసారి ఆ గుండ్లు ముచ్చటగా ఉన్నాయని పెన్సిలిన్ సీసాలో పోసి ఇంటికి తెచ్చి నా కొడుక్కి ఇచ్చాను. వాడు పళ్లెంలో పోసి వేలితో విడగొడుతూ కలుపుతూ పొద్దంతా ఆడాడు. నేను, నర్సును, చూసి మురిసిపోయాను. జపాన్‌లో మినమాటా అనే ఊరి పేరు అప్పుడు నాకు తెలియదు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపలోకి ఎక్కి, చేప తిన్నవాళ్ల నరాల్లోకి ఎక్కిన ఊరు. ఆ ఊరి పేరు మీదే 2013లో చాలా దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి, పాదరసం థర్మామీటర్లు, బీపీ మిషన్లు 2020 తర్వాత తయారు చేయొద్దన్నాయి. మా వార్డుకు డిజిటల్ థర్మామీటర్లు వచ్చినప్పుడు "ఇవి సరిగ్గ చూపెట్టయ్" అని అందరికంటే ఎక్కువ సణిగింది కూడా నేనే.

ఇవన్నీ ఒకెత్తు. నన్ను నిజంగా మార్చింది 2012లో ఒక రాత్రి.

మూడు దాటింది. యాక్సిడెంటు కేసులు రెండు ఒకేసారి వచ్చాయి. హడావిడిలో నాలుగు కాన్యులాలు, అంటే సెలైన్ ఎక్కించడానికి సూదితో నరంలోకి దించే సన్న గొట్టాలు, పెట్టాను. తర్వాత ఆయమ్మ చెత్త సంచి మూతి కట్టడానికి పైనుంచి అదిమింది. "అవ్వో" అంది. అంతే, గట్టిగా కూడా అరవలేదు. అరచేతిలో బొటనవేలి కింద సూది దిగింది. ధారగా నీళ్లు వదిలి సబ్బుతో కడిగించాను. ఆమె పుండును పిసుకబోతే ఆపాను, పిసకొద్దు. ఆ సూది ఎవరిదో తెలియదు. అట్లాంటి పోటుతో హెచ్ఐవీ వచ్చేది వెయ్యికి ముగ్గురికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లకు, నూటికి ముప్పై దాకా. ఆమెకు టీకా వేయలేదు. కాంట్రాక్టు మనిషి. మాకందరికీ వేశారు, చెత్త మోసేవాళ్లకు వేయాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. ఆమె మింగింది. వాంతులు చేసుకుంటూ డ్యూటీ చేసింది, ఒక్కరోజు మానితే జీతం కోస్తారు. మొగుడికి చెప్పలేదు. "రక్తం తక్కువుందన్నరని చెప్పిన సిస్టరమ్మా" అంది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్షలు. ప్రతిసారీ రిపోర్టు నేనే తెచ్చేదాన్ని, చదివి చెప్పేదాన్ని, చదివేముందు నా కడుపులో తిప్పేది. ఏమీ కాలేదు. బతికిపోయింది, నేనూ బతికిపోయాను.

ఎందుకంటే ఆ సూది నాదే అనుకుంటున్నాను. నాలుగు కాన్యులాల్లో మూడింటి సూదులే డబ్బాలో వేసినట్టు గుర్తు. ఈ మాట ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆమె చదవదని తెలిసే.

పర్యావరణం అనగానే మాకు మీటింగుల్లో చెట్లు, గుట్టలు, కరిగే మంచు చూపిస్తారు. నాకు మాత్రం మొదట కనబడేది ఆమె అరచెయ్యి. నేను పారేసింది మొదట పోయేది అక్కడికే. తర్వాతే గుంతకు, పొగకు, చెరువుకు.

2016లో కొత్త రూల్స్ వచ్చాయి. పాత రూల్స్‌లో పది రకాల చెత్తలు, ఎవరికీ నోటికి వచ్చేవి కావు. వీటిలో నాలుగు రంగులు. పసుపుది కాల్చేది: శరీర భాగాలు, రక్తం అంటిన కట్లు, దూది. ఎరుపుది ప్లాస్టిక్: గొట్టాలు, గ్లవ్స్, మూత్రం సంచులు, సూది తీసిన సిరంజిలు. తెల్లది, గుచ్చినా చిల్లు పడని డబ్బా, సూదులకు. నీలం గాజుకు. ట్రైనింగులో నాకు ఒళ్లు ఝల్లుమన్న మాట ఒకటుంది: ఎర్ర సంచిని కాల్చరు. ఆవిరితో క్రిములు చంపి, ముక్కలు చేసి, మళ్లీ ప్లాస్టిక్ వస్తువులకే పంపుతారు. అంటే నేను బద్ధకంతో గ్లవ్స్ తీసి పసుపులో వేస్తే అది పొగ. ఎరుపులో వేస్తే ఎవరింట్లోనో బకెట్ అవుతుందేమో. ఒక్క జానెడు దూరంలో రెండు డబ్బాలు. అంతే తేడా. ఇంకో మాట కూడా చెప్పారు: దవాఖాన చెత్తలో నూటికి 85 వంతులు మామూలు చెత్తేనట, అట్టపెట్టెలు, కాగితం, అన్నం మెతుకులు. మిగతా 15ను దాంట్లో కలిపితే మొత్తం వందా విషమైతది. మా అమ్మ పాల కుండలో మజ్జిగ చుక్క పడనియ్యదు చూడండి, అదే లెక్క.

అదే ట్రైనింగు ఇంకోసారి పెట్టినప్పుడు ఒక స్లైడు చూపించారు. ప్రపంచం వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో 4.4 శాతం వైద్యరంగానివట. నా పక్కన సిస్టర్ "మన వార్డుల ఫ్యాన్లే తిరగయ్, మనమెక్కడ వదిలినం" అంది. కొంత న్యాయమే. మే నెలలో 45 డిగ్రీలకు ఎండదెబ్బతో వచ్చిన ఉపాధి హామీ కూలీకి తడిగుడ్డ కప్పి, అట్టముక్కతో విసిరే వార్డు మాది. ఆ లెక్కలో పెద్దవాటా ఎవరిదో అందరికీ తెలుసు. కానీ మా వాటా అసలు లేదనలేను.

మా వాటా ఎక్కడుందంటే, సెలైన్లో. ఓపీ రోజున ఒక పెద్దాయన వచ్చాడు, దేవరకొండ వైపు. జరం తగ్గింది, నాలుక తడిగా ఉంది, నీళ్లు తాగుతున్నాడు, అన్నం తింటున్నాడు. డాక్టర్ గోలీలు రాశారు. నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, ఒక సీస ఎక్కియ్యరాదు. గుంజుతున్నది పానం."

"తాతా, నోట్లెకెళ్లి నీళ్లు పోతుంటే సీస ఎందుకు?"

"సూది లేక, సీస లేక, గిదేం దవాఖాన? గోలీలకు గింత దూరం రావాల్నా?"

ఆయన్ని తప్పు పట్టను. ఊర్లో ఆర్‌ఎంపీ సీస కట్టాడంటే వైద్యం జరిగినట్టు. కానీ ఆ అరలీటరు సీసలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, చెంచా కూడా నిండదు, మిగతా నీళ్లు. దానికోసం ఒక సీసా, ఒక సెట్టు, ఒక కాన్యులా, దాని సూది, ప్లాస్టరు, దూది, గ్లవ్స్ జత, ఒక్కోదానికి ఒక్కో కవరు. ఇదివరకైతే పెద్దమనిషి అడిగాడు కదా అని డాక్టర్‌ను ఒప్పించి ఎక్కించేదాన్ని. ఇప్పుడు కూర్చోబెట్టి ఉప్పు, చక్కెర నీళ్ల లెక్క చెప్తాను. ఎక్కించడానికి అయిదు నిమిషాలు పడితే, ఎక్కించకుండా ఒప్పించడానికి ఇరవై పడుతుంది. ఆ ఇరవై నిమిషాలకు రిజిస్టర్లో గడి లేదు. ఆ తాత అయితే ఒప్పుకోలేదు, తిట్టుకుంటూనే పోయాడు. బయట ఎక్కడో ఎక్కించుకొనే ఉంటాడు.

వాడిన సీసాలు ఊర్లలో ఏమవుతాయో నాకు తెలుసు. హోలీకి పిల్లలు సిరంజిలతో రంగు కొట్టుకునేవాళ్లు. సెలైన్ గొట్టాలతో చేపలు అల్లి ఇంట్లో వేలాడదీసేవాళ్లు. మా వార్డులోనే అటెండర్లు అల్లేవాళ్లు, మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, ఆకుపచ్చ రంగు నింపిన చేప. ఎవరి రక్తం పారిన గొట్టమో.

కరోనాలో మళ్లీ మొదటికొచ్చింది. అన్నీ పసుపు సంచిలోనే, అదీ రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి. భయం ముందర రంగులు ఎవరికి గుర్తుంటాయి. దాన్ని తప్పు అనడం లేదు. కానీ భయం పోయాక అలవాటు మిగిలింది. ప్రతి పనికీ గ్లవ్స్, నాడి చూడ్డానికీ గ్లవ్స్, రిజిస్టరు రాయడానికీ గ్లవ్స్. ఆ చేతితోనే మంచం రాడ్డు, ఆ చేతితోనే ఫోను, ఆ చేతితోనే పక్క పేషెంటు. గ్లవ్స్ ఉన్నాయి కదా అని చేతులు కడగడం మానేశాం. నన్ను నేను కాపాడుకుంటున్నాననుకున్నాను గానీ, పేషెంటుకు నా చెయ్యి మునుపటికంటే మురికైంది. ఈ సంగతి లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల దవాఖాన నర్సులు మాకంటే ముందే పట్టుకున్నారు. 2018లో అక్కర్లేనిచోట గ్లవ్స్ తీసేద్దామని పని మొదలుపెడితే, ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గిందట. మొదట నేను నమ్మలేదు. తర్వాత మా స్టోరులో ఖాళీ గ్లవ్స్ డబ్బాల గుట్ట చూసి నమ్మాను.

లండన్ అంటే గుర్తొచ్చింది. ప్రతి మే 12న మాకు నర్సుల దినం. ఫ్లెక్సీ కడతారు, థర్మాకోల్ ప్లేట్లలో ఉప్మా పెడతారు, ప్లాస్టిక్ కప్పుల్లో కొవ్వొత్తులు పట్టుకొని ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రతిజ్ఞ చదువుతాం. దీపం గురించే మాట్లాడతారు, ఆమె మోరీల గురించి ఎవరూ మాట్లాడరు. క్రిమియా యుద్ధంలో ఆమె పనిచేసిన, టర్కీలోని స్కుటారి ఆసుపత్రి కిందనే మురుగు కాలువలు కుళ్లిపోయి ఉండేవి. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చచ్చిపోతుంటే, మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ ఆ కాలువలు కడిగించి, గాలి ఆడేటట్టు చేసింది. ఎండాకాలానికి ఆ లెక్క రెండుకు దిగింది. మురుగు ఎంత పెద్ద కారణమో ఆమెకు కూడా యుద్ధం అయిపోయి, ఇంటికి పోయి లెక్కలు వేసుకున్నాకే పూర్తిగా తెలిసిందంటారు. అంతటామె కూడా తర్వాతే తెలుసుకుందంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటది. ఆమె మన దేశం ఎప్పుడూ రాలేదు గానీ, ఇక్కడి ఊర్ల నీళ్ల గురించి, కాలువల గురించి మన గోదావరి కాటన్ దొరతో కలిసి పనిచేసింది. పోయినేడు మే 12న నాకు మైకు ఇస్తే ఈ ముచ్చటే చెప్పాను. ఎండకు సగంమంది లేచిపోయారు. ఫ్లెక్సీని మాత్రం ఆయమ్మ అడిగి తీసుకుపోయింది, ఇంటి ముందు రేకుల కింద కట్టుకోవడానికి.

అదే ఆయమ్మ, 2012లో సూది గుచ్చుకున్నామె. ఇప్పటికీ మా దగ్గరే. చదువు రాదు, నాలుగు రంగులూ అందరికంటే ఆమెకే బాగా వచ్చు. హౌస్‌సర్జన్లు కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటివారం ఆమెతో తిట్లు తింటారు.

మొన్నటి రాత్రికి తిరిగి వస్తాను. గ్లవ్స్ తొడుక్కున్నాక ఇంకేం చేస్తాను, వాటితోనే పిల్లగాడికి సూది వేశాను. వాడు ఏడ్వలేదు, వాళ్ల నాయినే మొఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత సిస్టర్ చూస్తుండగా గ్లవ్స్ విప్పి ఎర్ర సంచిలో వేసి, సింకు దగ్గరికి పోయి నిమిషం పాటు చేతులు కడిగాను, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు, అన్నీ. కొంచెం ఆమెకు చూపెట్టడానికి కూడా.

వరండాలో చీపురు చప్పుడు ఆగింది.

"సిస్టరమ్మా, సూదేసినవా?"

"ఏసిన."

"సూది ఏడ వడేసినవ్?"

"తెల్ల డబ్బల ఏసిన ఆయమ్మా."

చీపురు గోడకు ఆనించి లోపలికొచ్చింది. తెల్ల డబ్బాలోకి వంగి చూసింది. ఎర్ర సంచి మూతి రెండు వేళ్లతో పట్టుకొని లైటు కింద కొంచెం తిప్పి చూసింది. తర్వాత ఏమీ అనకుండా పోయి ఊడ్చుకుంది.